సెల్లార్ గోడలో చెమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సెల్లార్ గోడల గురించే. మరక, పగులు, ఊట, తెల్ల పొడి... ఒక్కొక్కరిది ఒక్కో బాధ. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి వీలైనంత వివరంగా రాశాం. ఇవన్నీ ఇంట్లోవాళ్లే చేసుకోగలిగిన చిన్న లీకుల సంగతులు. మోకాలి లోతు నీళ్లు నిలిచే సెల్లార్ అయితే ఇది చదువుతూ కూర్చోకండి, ఇంజినీర్ని పిలవండి.

ప్రశ్న: వాన పడినప్పుడల్లా మా సెల్లార్ గోడ కింది సగంలో తడి మరక తేలుతోంది. వాటర్‌ప్రూఫ్ పెయింట్ డబ్బా తెచ్చి పెట్టుకున్నాను. రెండు కోటింగులు సరిపోతాయా, మూడు వెయ్యాలా?

జవాబు: మూత ఇంకా తియ్యకపోతే అలాగే ఉంచండి. పెయింట్ తప్పని కాదు, దాని వంతు ఇంకా రాలేదు, అంతే. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చుకోకుండా గోడకి ఏం పూసినా కొన్నాళ్లకి బొబ్బలెక్కి పొరలుగా ఊడిపోతుంది. గోడ అవతల మట్టిలో ఒక మీటరు ఎత్తున నీళ్లు నిలిచాయనుకోండి, అడుగున గోడ మీద పడే ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు ఒక టన్ను. బయటివైపు వేసిన పూతనైతే ఆ ఒత్తిడే గోడకేసి అదుముతుంది, లోపలివైపు వేసిన పూతని మాత్రం వెనక నుంచి తోసేస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు బయట వేసిన వాటర్‌ప్రూఫింగ్‌కి ఉండే బలం లోపల మనం పూసుకునేదానికి రాకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ముందు గోడని గమనించండి. తడి ఎక్కడుందో అందరూ చూస్తారు, ఎప్పుడొస్తోందో చూసేవాళ్లు తక్కువ. వాన మొదలైన కొద్ది గంటల్లోనే మరక తేలితే అది కప్పు మీది నీళ్లో, పెరట్లో నిలిచిన నీళ్లో గోడ పక్కనే ఇంకుతున్నట్టు. వాన వెలిశాక ఒకటి రెండు రోజులకి మొదలై చాలా రోజుల పాటు వదలకపోతే భూగర్భ జలమట్టం పైకి వచ్చిందేమో అని అనుమానించాలి. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే పైపు మీద కన్నెయ్యండి: ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీళ్ల మీటరులో అంకె రాసుకుని, రెండు గంటలయ్యాక మళ్లీ చూడండి, ఎవరూ చుక్క వాడకపోయినా అంకె కదిలిందంటే లీకు మంచినీళ్ల పైపులోనే ఉంది. మురుగు పైపు లీకయితే మీటరుకి తెలియదు, స్నానాలప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు తడి పెరుగుతోందా అని చూసుకోవాలి.

ఇంకో అనుమానం మిగులుతుంది. అసలది లీకేనా? ఉక్కపోత రోజుల్లో గాలిలోని తేమ చల్లటి గోడకి తగిలి నీళ్లుగా మారుతుంది, చూడటానికి అచ్చం గోడ ఊరుతున్నట్టే ఉంటుంది. తేల్చుకోవడం సులువే. గోడ మీద ఒక చోట తుడిచి ఆరబెట్టి, అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. గదివైపు ఉన్న ముఖం మీద నీటి బిందువులుంటే అది గాలిలోని తేమే. షీటు వెనక, గోడవైపు తడిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. రెండు వైపులా తడిస్తే రెండు సమస్యలూ ఉన్నాయి, అది కూడా మామూలే.

మీరు చెప్పిన దాన్ని బట్టి వానకీ మరకకీ సంబంధం ఉంది కాబట్టి పెయింట్ పక్కన పెట్టి బయటికి వెళ్లండి. వీలైతే వాన పడుతున్నప్పుడే, గొడుగు వేసుకుని. కప్పు నీళ్లు దించే పైపు ఎక్కడ వదులుతోంది? గోడ మొదట్లోనే వదులుతుంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు. ఒక చిన్న కప్పు మీద పడే వాన కూడా తక్కువేం కాదు: 100 చదరపు మీటర్ల కప్పు మీద 1 సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు, ఆ నీళ్లన్నీ రెండు మూడు మూలల్లో దిగుతాయి. ఆ పైపుకి ఇంకో ముక్క తగిలించి నీళ్లని గోడకి కనీసం 2 మీటర్ల దూరంలో వదలండి. పైన గట్టర్‌లో, అంటే కప్పు అంచు వెంట నీళ్లు పట్టే తొట్టి కాలువలో, ఆకులు పేరుకుని నీళ్లు పక్కనుంచి పొర్లుతున్నాయేమో చూడండి. ఆ తర్వాత నేల వాలు. గోడ నుంచి మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లయినా బయటికి దిగుతూ ఉండాలి, చాలా ఇళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ గోడ పక్క మట్టి కుంగిపోయి వాలు ఇంటివైపే తిరుగుతుంది. అక్కడ ఇసుక పోస్తే లాభం లేదు, నీళ్లు ఇంకనివ్వని బంకమట్టి తెచ్చి దిమ్మిస కొట్టండి, కాకపోతే మట్టిని మరీ పైకి ఎత్తెయ్యకుండా గోడ అడుగుభాగం కనీసం జానెడు పైకి కనబడేలా ఉంచండి. గోడని ఆనుకుని పూల మొక్కలు పెంచి రోజూ పైపుతో నీళ్లు పెడుతుంటే అది కూడా లెక్కలోకి వస్తుందండోయ్.

ఇవన్నీ చేశాక రెండు మూడు వానలు చూడండి. చిన్న మరకల్లో చాలా వాటికి ఇక లోపల పని మిగలదు. మిగిలితే అప్పుడు పూత గురించి మాట్లాడుకుందాం, కింద ఇంకొకరికి రాసిన జవాబులో ఆ వివరం ఉంది.

ప్రశ్న: మాది కాంక్రీట్ పోసి కట్టిన గోడ. మధ్యలో నిలువుగా సన్నటి పగులు, పైనుంచి దాదాపు నేల దాకా. పెద్ద వానలకి అందులోంచి నీళ్లు జారుతున్నాయి. మేస్త్రీని పిలవకుండా నేనే చేసుకోవచ్చా? నాకు తాపీ, డ్రిల్లు పట్టుకోవడం వచ్చు.

జవాబు: చేసుకోవచ్చు. నిలువుగా ఉండే సన్న పగుళ్లు చాలావరకు కాంక్రీట్ ఆరేటప్పుడు కాస్త కుంచించుకుపోవడం వల్ల వచ్చేవే, గోడ బలానికి వాటితో పెద్ద ప్రమాదం ఉండదు. అయితే పగులు ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది ముందు తెలియాలి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వెయ్యండి, మధ్యలో ఒకటి రెండు చోట్ల వెడల్పు కొలిచి అక్కడే గోడ మీద రాయండి. కొన్ని నెలలు చూశాక గీతలు దాటకపోతే, వెడల్పు 3 మిల్లీమీటర్ల లోపే ఉండి మారకపోతే ధైర్యంగా పని మొదలుపెట్టండి. ఈలోగా వానొస్తే కింద బకెట్ పెట్టుకోండి, తొందరపడి పైపైన సిమెంట్ మెత్తి పగులుని దాచెయ్యకండి, తర్వాత అసలు పని చెయ్యడానికి అదంతా గీకాల్సి వస్తుంది.

దారులు రెండున్నాయి. ఒకటి పగులుని చెక్కి హైడ్రాలిక్ సిమెంట్ (తడిలో కూడా నిమిషాల్లో బిగిసే సిమెంట్) కూరడం, రెండోది పగులులోకి రెసిన్ (జిగురులా పోసి, తర్వాత గట్టిపడే రసాయనం) ఎక్కించడం. చాలామంది మొదటిదే చేస్తారు ఎందుకంటే సామాను తక్కువ, పని తెలిసినదే. కానీ పోత కాంక్రీట్ గోడలో పొడవాటి పగులుకి నా ఓటు రెండోదానికే. హైడ్రాలిక్ సిమెంట్ గట్టిపడ్డాక ఏమాత్రం సాగదు, కాంక్రీట్ మాత్రం ఎండకీ చలికీ వెంట్రుకవాసి కదులుతూనే ఉంటుంది, దాంతో కొన్నేళ్లకి సిమెంట్ పక్కనే ఇంకో సన్నగీత తెరుచుకుంటుంది. పైగా మీరు కూరింది లోపలి 2 సెంటీమీటర్లే, వెనక ఉన్న మిగతా మందమంతా నీళ్లతో నిండే ఉంటుంది. రెసిన్ అయితే గోడ మందమంతా నిండుతుంది.

రెసిన్‌లోనూ రెండు రకాలు. ఎపాక్సీ పగులుని అతికి గోడకి బలం ఇస్తుంది, కానీ పగులు పొడిగా ఉండాలి, ఆరాక అది కూడా సాగదు. పాలీయురేథేన్ నీళ్లు తగిలితే నురగలా పొంగి సందులన్నీ పట్టేస్తుంది, ఆరాక కూడా కాస్త సాగే గుణం ఉంటుంది. మీకు కావాల్సింది నీళ్లు ఆగడం కాబట్టి పాలీయురేథేన్ తీసుకోండి. చిన్న గొట్టాలు, పైన మెత్తే పేస్టు, రెసిన్ కలిపి ఒకే కిట్‌గా దొరుకుతాయి, మామూలు సీలెంట్ గన్‌తో (సందులు మూసే పేస్టుని నొక్కే గన్) నొక్కేవి ఎంచుకోండి.

పని ఇలా. పగులుకి రెండు వైపులా రెండేసి అంగుళాల మేర వైర్ బ్రష్‌తో రుద్ది, పెయింటూ పొడీ ఏమీ లేకుండా అసలు కాంక్రీట్ కనబడేలా చెయ్యండి. కింది నుంచి పైకి సుమారు 20 సెంటీమీటర్లకొకటి చొప్పున (గోడ మందం ఎంతో దాదాపు అంత ఎడం) గొట్టాల్ని సరిగ్గా పగులు మీద నిలబెట్టి పేస్టుతో అతికించండి, గొట్టం రంధ్రంలోకి పేస్టు పోకూడదు సుమా, పోతే ఆ గొట్టం పనికిరాదు. మిగతా పగులంతా అదే పేస్టుతో మూసెయ్యండి, ఎక్కడా సూదిమొన సందు మిగలకూడదు. పేస్టు గట్టిపడే దాకా, ప్యాకెట్ మీద ఎంతసేపు రాసి ఉంటే అంతసేపు ఆగండి. అప్పుడు అన్నిటికన్నా కింది గొట్టంలోంచి రెసిన్‌ని మెల్లగా, నిజంగా మెల్లగా నొక్కండి. పై గొట్టంలోంచి రెసిన్ తొంగిచూడగానే కిందిదానికి మూత పెట్టి పైదానికి వెళ్లండి, అలా చివరిదాకా. ఆత్రపడి గట్టిగా నొక్కితే పేస్టు చీలి రెసిన్ బయటికి వచ్చేస్తుంది, లోపలికి వెళ్లదు. పాలీయురేథేన్ వాడేటప్పుడు పగులు పూర్తిగా ఎండిపోయి ఉంటే ముందు కాసిని నీళ్లు ఎక్కించండి, అది పొంగాలంటే తడి ఉండాలి. చేతికి అంటితే సబ్బుకి పోదు, అందుకే గ్లౌజులు. కిటికీలు తెరిచి పని చెయ్యండి. పూర్తిగా ఆరాక గొట్టాల తలలు కోసేస్తే సరి.

కాదు, సిమెంటే కూరతాను, పగులు పొట్టిదే అంటారా? అలాగే కానివ్వండి. ఉలితో 2 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు గాడి చెక్కండి. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండాలి, ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు, ఎందుకంటే నోరు వెడల్పై లోపల ఇరుకైతే నీళ్లు వెనక నుంచి తోసినప్పుడు సిమెంట్ ముక్క మొత్తంగా బయటికి జారుతుంది. దుమ్మంతా బ్రష్‌తో తీసి, కడిగి, గాడిని తడిగా ఉంచండి. హైడ్రాలిక్ సిమెంట్‌ని గుప్పెడు గుప్పెడే కలపండి, 3 నుంచి 5 నిమిషాల్లో బిగుసుకుపోతుంది, బిగిసిందాన్ని మళ్లీ నీళ్లు పోసి కలిపి వాడితే బలం ఉండదు. ముద్ద గోరువెచ్చగా అవుతున్నప్పుడు గాడిలోకి గట్టిగా అదిమి, బిగిసే దాకా తాపీతోనో గ్లౌజు వేసుకున్న చేత్తోనో నొక్కి పట్టండి. పైనుంచి కిందికి రండి, నీళ్లు ఎక్కువ వచ్చే చోటుని చివరికి వదలండి. సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, చెక్కేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు, మంచి మాస్కు మూడూ ఉండాల్సిందే. గోడలో కరెంటు వైర్లు ఎటు వెళ్తున్నాయో తెలియకుండా మాత్రం ఉలి పెట్టకండి.

ప్రశ్న: నీళ్లు ధారగా వస్తున్నప్పుడు కూడా ఏమైనా చెయ్యొచ్చా, లేక ఆగే దాకా చూస్తూ కూర్చోవాలా?

జవాబు: ముందు కరెంటు. నేల మీద నీళ్లుండి, దగ్గర్లో ప్లగ్గులో వైర్లో ఉంటే ఆ నీళ్లలో కాలు పెట్టకుండా, పొడి చోట నిలబడి మెయిన్ ఆపగలిగితే ఆపండి. మెయిన్ స్విచ్చే ఆ నీళ్ల మధ్య ఉంటే వదిలెయ్యండి, ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఆ తర్వాత చిన్న రంధ్రమైతే హైడ్రాలిక్ సిమెంట్‌తో అప్పటికప్పుడే ఆపొచ్చు, ఆ సిమెంట్ తయారైందే అందుకు. చేతిలో శంకువు ఆకారంలో ముద్ద చేసి, అది వేడెక్కి బిగుసుకోబోతున్న క్షణంలో రంధ్రంలోకి దూర్చి కదలకుండా నొక్కి పట్టుకోవాలి. ధార బలంగా ఉండి ముద్దని తోసేస్తుంటే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి రంధ్రంలో పెట్టి, నీళ్లని దానిలోంచి బకెట్‌లోకి పోనిచ్చి, చుట్టూ సిమెంట్ మెత్తండి. చుట్టూ ఉన్నది బాగా గట్టిపడ్డాక గొట్టం లాగేసి ఆ చిన్న బెజ్జాన్ని మూసెయ్యండి. ఒత్తిడికి దారి ఇస్తూ పని చేస్తే సగం కష్టం తగ్గుతుంది.

ప్రశ్న: గోడ మీద తెల్లటి పొడి పూస్తోంది. మా ఆవిడ ఫంగస్ అంటోంది, పిల్లలకి జబ్బులొస్తాయని టెన్షన్ పడుతోంది. నేను సున్నం అంటున్నాను. ఎవరు రైటు?

జవాబు: మీరు కాస్త దగ్గరగా ఉన్నారు, కానీ ఆవిడ భయం కూడా కొట్టిపారేసేది కాదు. సిమెంట్‌లో, ఇటుకలో ఉండే లవణాలు నీళ్లలో కరిగి గోడ ముఖం దాకా వచ్చి, నీళ్లు ఆవిరయ్యాక అక్కడే మిగిలిపోతాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడి అయితే, దాని మీద నీళ్ల చుక్క వేసి చూస్తే కరిగిపోతే అది ఉప్పు. ఫంగస్ కరగదు, ముక్కవాసన వేస్తుంది, పెయింటు మీదా చెక్క మీదా అట్టపెట్టెల మీదా ముందు పుడుతుంది. ఉప్పుతో ఆరోగ్యానికి భయం లేదు. అయితే ఉప్పు పూసిందంటే గోడలోంచి నీళ్లు ప్రయాణం చేస్తున్నాయని అర్థం, అదే తడి ఇవాళో రేపో ఫంగస్‌కి కూడా చోటిస్తుంది.

పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారెయ్యండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. మొండి మరకలకి కొందరు యాసిడ్ వాడతారు, అది చేసే పక్షంలో ఆ దరిదాపుల్లో బ్లీచింగ్ ఉండకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది, సెల్లార్‌లో గాలి ఎటూ పోదు.

ప్రశ్న: మాది సిమెంట్ బ్లాకుల గోడ, పగులంటూ ఏమీ లేదు, కానీ చెమ్మ గోడంతా ఉంది. పక్క గది పాతకాలపు రాతి గోడ, అక్కడా అంతే. ఒకే మందు రెండింటికీ పనికొస్తుందా?

జవాబు: రాదు. బ్లాకుల లోపల డొల్ల ఉంటుంది, నీళ్లు ఎక్కడో దూరి ఆ డొల్లల్లో నిండి ఇంకెక్కడో బయటపడతాయి. అందుకే బ్లాకు గోడకి రెసిన్ ఎక్కించడం దండగ, పోసిందంతా ఖాళీల్లోకి పోతుంది. ముందు బ్లాకుల మధ్య అతుకుల్లో రాలిపోతున్న మాలు గీకేసి కొత్త మాలు కూరండి, ఆ తర్వాత సిమెంట్ ఆధారిత వాటర్‌ప్రూఫ్ పూత వెయ్యండి. మామూలు పెయింట్ కాదు, పొడిగా వచ్చి నీళ్లలో కలుపుకునేది. ఇందులో స్ఫటికాలు పెరిగే రకం ఒకటి ఉంది, అది కాంక్రీట్‌లో ఉన్న సున్నంతోనూ తడితోనూ కలిసి సూక్ష్మ రంధ్రాల్లో స్ఫటికాలుగా మారి వాటిని మూసేస్తుంది, కాబట్టి పోత కాంక్రీట్‌కి బాగా నప్పుతుంది. డొల్ల బ్లాకులకి మామూలు సిమెంట్ పూతే చాలు.

పూత నిలవాలంటే గోడ నగ్నంగా ఉండాలి. పాత పెయింట్ మీద వేస్తే ఆ పెయింట్‌తో పాటే ఊడుతుంది. గీకేటప్పుడు ఒక జాగ్రత్త, ఇల్లు బాగా పాతదైతే ఆ పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా రాపిడి పెట్టి దుమ్ము లేపకండి. గోడని తడిపి (కారుతూ ఉండకూడదు), గట్టి కుచ్చు బ్రష్‌తో గుండ్రంగా రుద్దుతూ రంధ్రాల్లోకి ఎక్కించండి, పైపైన పూసుకుంటూ పోతే లాభం లేదు. మొదటి పూత ఆరాక రెండోది అడ్డంగా. తర్వాత రెండు మూడు రోజులు నీళ్లు చిలకరిస్తూ తడిగా ఉంచితే బాగా బిగుస్తుంది. గోడ కొత్తగా పోసిందైతే 28 రోజులన్నా గడవనివ్వండి.

రాతి గోడ సంగతి వేరు. పాత రాతి గోడలు, మెత్తటి ఇటుక గోడలు చాలావరకు సున్నపు గచ్చుతో కట్టినవి, వాటి పద్ధతే తడిని పీల్చుకోవడం, వదిలెయ్యడం. అలాంటి గోడకి గట్టి సిమెంట్ పూస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, ఆ పూత వెనక ఉప్పు స్ఫటికాలు కట్టి రాయి ముఖాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. అతుకుల్లో సున్నపు గచ్చే కూరండి, బయట నీళ్లు మళ్లించండి, గదిలో గాలి ఆడనివ్వండి. కొంచెం చెమ్మ ఉంటుంది. పాత రాతి సెల్లార్‌ని పడగ్గదిలా పొడిగా మార్చాలనే పట్టుదల గోడకే చేటు.

ప్రశ్న: గోడ బాగానే ఉంది, గోడా నేలా కలిసే మూల వెంబడి నీళ్లు ఊరుతున్నాయి. సిలికాన్ పెట్టాను, ఊడిపోయింది.

జవాబు: ఊడుతుంది, తడి కాంక్రీట్ మీద సిలికాన్ పట్టదు. అసలు ఆ మూల లీకుని సీలెంట్‌తో ఆపగలమన్న ఆశే పెట్టుకోకండి. సాధారణంగా గోడ ముందు లేస్తుంది, నేల కాంక్రీట్ తర్వాత పోస్తారు, ఆ రెండిటి మధ్య అతుకు ఎప్పటికీ ఉంటుంది. నేల కింద నీళ్లు పెరిగినప్పుడు అవి బయటపడే మొదటి దారి అదే. దాన్ని బిర్రుగా మూసేస్తే నీళ్లు పోవు, నేల కింద ఇంకా పైకి ఎగదన్ని మరో పగులు వెతుక్కుంటాయి.

కాకపోతే తొందరపడి పెద్ద ఖర్చుకి దిగే ముందు మొదటి జవాబులో చెప్పిన బయటి పనులన్నీ చెయ్యండి, అక్కడి లీకు కొన్నిసార్లు కప్పు నీళ్లదే అవుతుంది. వాన వెలిసిన కొద్దిసేపటికి ఊట కూడా ఆగిపోతుంటే, మూల వెంబడి 2 సెంటీమీటర్ల గాడి చెక్కి హైడ్రాలిక్ సిమెంట్ కూరి చూడొచ్చు. రోజుల తరబడి ఊరుతూనే ఉంటే మాత్రం అది భూగర్భజలం, గది అంచు వెంట నేల కింద కాలువ తీసి, ఒక గుంటలోకి నీళ్లు చేర్చి, పంపుతో బయటికి తోడాలి. నేల పగలగొట్టే ఆ పనికి మనుషుల్ని పెట్టుకోండి. పంపు పెట్టిస్తే కరెంటు పోయినప్పుడు నడిచే ఏర్పాటు కూడా అడగండి, పెద్ద గాలివానలోనే కరెంటు పోతుంది, పంపు అవసరమూ అప్పుడే.

ప్రశ్న: పైపు గోడలోకి వచ్చే చోట చుట్టూ కారుతోంది.

జవాబు: ఇది అన్నిట్లోకీ తేలిక. పైపు చుట్టూ వదులైన పాత మాలు 3 సెంటీమీటర్ల లోతు దాకా తీసెయ్యండి. లోపలి 2 సెంటీమీటర్లు హైడ్రాలిక్ సిమెంట్‌తో నింపి, అది ఆరాక పైన మిగిలిన 1 సెంటీమీటరుని పాలీయురేథేన్ సీలెంట్‌తో మూసెయ్యండి. వేడికీ చలికీ పైపు కదులుతుంది, ఒట్టి సిమెంటే పెడితే చుట్టూ సన్నటి సందు వచ్చేస్తుంది, పైన సాగే పొర ఉంటే ఆ కదలికని అది భరిస్తుంది. నీళ్లు పైపు చుట్టూ కాక కరెంటు వైర్ల గొట్టం లోపలి నుంచి వస్తుంటే మీరు ముట్టుకోవద్దు.

ప్రశ్న: మా గోడకి నడిమి ఎత్తులో అడ్డంగా పగులొచ్చింది. తాడు పట్టి చూస్తే గోడ కొంచెం లోపలికి ఉబ్బినట్టుంది. నీళ్లు పెద్దగా రావడం లేదు. కూరేసి పెయింట్ వేస్తే సరిపోతుందా?

జవాబు: వద్దు. అడ్డపగులు, ఉబ్బు రెండూ కలిసి ఉన్నాయంటే బయటి మట్టి, నీళ్లు గోడని లోపలికి తోస్తున్నాయి. కూరి రంగేస్తే ప్రమాదం తగ్గదు, కనబడకుండా పోతుంది, అది ఇంకా చెడ్డ. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి, ఈ వారమే. బ్లాకు గోడల్లో మెట్లు మెట్లుగా పాకి వెడల్పవుతున్న పగులు, ఒక అంచు ఇంకో అంచుకన్నా ముందుకొచ్చిన పగులు, నెలనెలా పెరిగే పగులు కూడా ఇదే కోవ. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ప్రశ్న: వేసవిలో సెల్లార్ ఆరాలని రోజంతా కిటికీలు తెరిచే ఉంచుతున్నాం. అయినా గోడలకి చెమ్మ తగ్గకపోగా పెరుగుతోంది. ఎందుకు?

జవాబు: కిటికీలు తెరిచినందుకే. వేడి గాలి ఎక్కువ తేమని మోసుకొస్తుంది, చల్లటి సెల్లార్ గోడకి తగలగానే ఆ తేమని అక్కడే వదిలేస్తుంది. బయట ఉక్కగా ఉన్నప్పుడు మూసెయ్యండి, బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్న వేళల్లో తెరవండి. చిన్న తేమ మీటరు ఒకటి పెట్టుకుంటే అంచనాలతో పనిలేదు: సాపేక్ష తేమ 60 శాతం దాటకుండా చూసుకోవాలి, 50 లోపు ఉంటే ఇంకా మంచిది. దిగకపోతే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమని లాగేసే యంత్రం) పెట్టండి, అది పనిచేసేటప్పుడు మాత్రం కిటికీలు మూసి ఉంచాలి, లేకపోతే ఊరిగాలినంతా ఆరబెట్టడానికి కరెంటు కాల్చినట్టే. తడి బట్టలు సెల్లార్‌లో ఆరెయ్యడం మానండి. చల్లనీళ్ల పైపులకి చెమట పడుతుంటే నురగ తొడుగులు వేస్తే చాలు.

ప్రశ్న: పగులు పూడ్చేశాను. ఎప్పుడు రంగు వేసుకోవచ్చు, సామాన్లు ఎప్పుడు సర్దుకోవచ్చు?

జవాబు: ముందు పరీక్ష పెట్టండి. వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. బయట పగులు ఉన్న చోటికి ఎదురుగా నేల మీద తోట పైపు పెట్టి, నీళ్లు మెల్లగా వదిలి, ఒక మనిషిని లోపల కాపలా ఉంచండి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట 15, 20 నిమిషాలు పట్టి, తర్వాత పైకీ పక్కలకీ జరగండి. ఒకేసారి పైనుంచి పోస్తే ఏ చోటు నుంచి వస్తోందో తెలియదు. లోతుగా ఉన్న చోట్లకి నీళ్లు చేరడానికి టైం పడుతుంది కాబట్టి ఆ సాయంత్రం ఇంకోసారి చూడండి.

తేలికపాటి రంగు వెయ్యాలంటే పెద్ద వాన ఒకటైనా దాటనివ్వండి. చెక్క ప్యానెళ్లు, జిప్సం బోర్డులు, కార్పెట్ లాంటివి వేసే ఆలోచన ఉంటే మాత్రం ఒక పూర్తి వానాకాలం ఆగండి, వాటి వెనక తడి చేరితే మీకు కనబడేసరికి ఫంగస్ పట్టి ఉంటుంది. అల్మారాలు గోడకి రెండంగుళాల ఎడంగా పెట్టండి, అట్టపెట్టెల్ని నేల మీద పెట్టకండి. పరీక్షలో పూడ్చిన చోట కాకుండా దానికి జానెడు పైన తడి కనబడిందనుకోండి, కంగారు పడి చేసిందంతా పీకెయ్యకండి. పగులు మీరనుకున్నదానికన్నా పొడవుగా ఉంది, అంతే. పైకి ఇంకో గొట్టమో, ఇంకో గాడి ముక్కో కలపండి.